సంతకం పెట్టే ముందు ఒక పేషెంటు రికార్డు బయటికి తీయించండి

కొత్తగా ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు సాఫ్ట్‌వేర్ తీసుకోబోతున్న, లేదా ఉన్నదాన్ని మార్చాలనుకుంటున్న క్లినిక్ డాక్టర్లకు,

నమస్కారం.

నేను నర్సుని. నలుగురైదుగురు డాక్టర్లు కలిసి నడిపే క్లినిక్కుల్లోనే నా సర్వీసంతా గడిచింది. కాగితం కేస్ షీట్లతో పని చేశాను, కంప్యూటర్‌తోనూ చేశాను, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మారడమూ చూశాను. కాగితం రోజులే బాగున్నాయనేవాళ్లలో నేను లేను. ఫైలు దొరక్క పేషెంటును బయట కూర్చోబెట్టడం, డాక్టరు గారి చేతిరాత అర్థంకాక మందుల షాపు నుంచి ఫోన్లు రావడం, నిన్న చేసిన రక్తపరీక్షే ఇవాళ మళ్లీ చేయించడం, ఇవన్నీ తగ్గాయంటే కంప్యూటర్ పుణ్యమే. కాబట్టి తప్పకుండా కొనండి. నా బాధంతా కొనే పద్ధతి గురించే.

మామూలుగా జరిగేది ఇదీ. కంపెనీ వాళ్లు వస్తారు, మీటింగ్ రూములో గంటసేపు డెమో ఇస్తారు. స్క్రీను మీద ఒక పేషెంటు ఉంటాడు. అతనికి ఒకే జబ్బు, ఒకే మందు, అన్ని కాలమ్‌లూ ముందే నింపి ఉంటాయి. మీరు రెండు మూడు కంపెనీల రేట్లు పక్కపక్కన పెట్టి చూస్తారు, తెలిసిన డాక్టరునెవరినో ఫోన్‌లో అడుగుతారు, సంతకం అయిపోతుంది. రోజంతా ఆ స్క్రీను ముందు కూర్చోవాల్సిన రిసెప్షన్ వాళ్లకూ, నర్సులకూ, బిల్లింగ్ చూసేవాళ్లకూ విషయం తెలిసేది ఆ తర్వాతే. బీపీ మిషన్ నచ్చకపోతే రేపు ఇంకోటి తెచ్చుకోవచ్చు. దీన్ని అంత తేలిగ్గా మార్చలేం, ఎందుకంటే మిమ్మల్ని నమ్మి వచ్చినవాళ్ల జబ్బుల చరిత్ర మొత్తం అందులోకి వెళ్లిపోతుంది.

అందుకే నేను అడిగేది ఒకటే. డెమో చూసి తీసుకోకండి. మీ క్లినిక్‌లో రోజూ జరిగే పనిని, ఆ పని చేసే మనుషుల చేతే, సంతకానికి ముందే ఆ సాఫ్ట్‌వేర్‌లో చేయించి చూడండి. అందులోనూ మొట్టమొదట చేయించాల్సింది, లోపల పెట్టిన రికార్డును పూర్తిగా బయటికి తీయడం.

కొనకముందే వదిలేయడం గురించి మాట్లాడుతున్నానేమిటా అనిపించవచ్చు. కానీ ఆలోచించండి. ఇవాళ టీకా వేయించుకున్న పసిపాపకు ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ వివరం అవసరం పడవచ్చు. ఏ సాఫ్ట్‌వేరూ అన్నేళ్లు ఉన్నచోటే ఉన్నట్టు ఉండదు. కంపెనీని ఇంకో కంపెనీ కొంటుంది, పాత వెర్షన్‌కు సపోర్టు ఆపేస్తారు, రేట్లు పెంచుతారు, లేదా మీ క్లినిక్కే పెద్దదై ఇంకేదో కావాల్సి వస్తుంది. ఏదో ఒక రోజు బయటికి రావడం ఖాయం. ఆ రోజు మీ చేతికి ఏం వస్తుందో ఈ రోజే తేలుతుంది, ఎందుకంటే సంతకం పెట్టేదాకే కంపెనీ మీ మాట వింటుంది.

నేను పనిచేసిన ఒక చోట జరిగింది చెప్తాను. పాత కంపెనీతో ఒప్పందం ముగిసింది. రికార్డులన్నీ ఇచ్చేశామన్నారు. నిజంగానే ఇచ్చారు: ఒక హార్డ్ డిస్కు నిండా పీడీఎఫ్‌లు. ఫైలు పేరులో పేషెంటు పేరు లేదు, ఏదో పొడుగాటి నంబరు ఉంది. ఆ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక కావాలంటే దానికి విడిగా ఛార్జీ అన్నారు. సరే, అదీ తెచ్చుకున్నాం, పీడీఎఫ్‌లన్నిటినీ కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఎవరి పేరు కింద వాళ్లవి తగిలించాం. చూడ్డానికి పని పూర్తయినట్టే ఉంది.

కొన్నాళ్లకు ఒక పెద్దావిడ దగ్గుతో వచ్చింది. ఆమెకు పెన్సిలిన్ పడదు. ఆ సంగతి పాత రికార్డులో ఉంది, అంటే పీడీఎఫ్‌లో ఎక్కడో మూడో పేజీలో ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో అలర్జీల గడి మాత్రం ఖాళీ. డాక్టరు గారు అమాక్సిసిలిన్ రాశారు. అది పెన్సిలిన్ జాతి మందే. సాఫ్ట్‌వేర్ అడ్డు చెప్పలేదు, చెప్పడానికి దానికి తెలిస్తే కదా. నేను ప్రింటు తీసి ఇస్తుంటే ఆవిడే అడిగింది, ఇదేం మందమ్మా అని. చెప్పాను. "నాకు పెన్సిలిన్ పడదని మీ దగ్గర రాసే ఉంది కదా సిస్టరమ్మా" అంది. ఆవిడ అడిగింది కాబట్టి సరిపోయింది. అడగని వాళ్లు, అడగలేని వాళ్లు ఎంతమంది ఉంటారు!

పీడీఎఫ్ మనిషి చదవడానికి పనికొస్తుంది. కంప్యూటర్‌కు అందులో ఏ అంకె షుగరుదో, ఏ మాట అలర్జీదో తెలియదు. పదేళ్లుగా డయాబెటిస్‌కు చూపించుకుంటున్న మనిషి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) విలువలన్నీ పీడీఎఫ్‌లలోనే ఉండిపోతే, కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆయన గ్రాఫు మొదటి చుక్కతో మొదలవుతుంది. పదేళ్ల జబ్బు నిన్న మొదలైనట్టు కనిపిస్తుంది. ఎవరో ఒకరు కూర్చుని పాతవి టైపు చేయాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మేమే, అదీ ఓపీ అయిపోయాక.

కాబట్టి డేటా ఇస్తారా అని అడిగితే సరిపోదు. ఇస్తామనే అంటారు. ఏ రూపంలో ఇస్తారు? మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ వేటికవే విడిగా వస్తాయా? ల్యాబ్ విలువతో పాటు దాని యూనిట్ వస్తుందా? స్కాన్ చేసి పెట్టిన కాగితాలు ఎవరివో తెలిసేలా వస్తాయా? ఏ కాలమ్‌లో ఏముందో వివరించే పత్రం ఇస్తారా? ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే చరిత్ర కూడా వస్తుందా? అడిగిన ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎంత తీసుకుంటారు, ఒప్పందం ముగిశాక ఎన్నాళ్లు మన డేటా వాళ్ల సర్వర్లో ఉంచుతారు, ఆ తర్వాత చెరిపేసినట్టు రాతపూర్వకంగా ఇస్తారా? వీటన్నిటికీ జవాబులు ఒప్పందం కాగితంలో ఉండాలి. సేల్స్ వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ మనం వదిలి వెళ్లే రోజుకి వాళ్లు ఆ కంపెనీలో ఉండరు.

ఇక్కడ స్టాండర్డ్స్ గురించి రెండు మాటలు, ఎందుకంటే డెమోలో ఈ పేర్లు చాలా వేగంగా దొర్లిపోతాయి. హెచ్‌ఎల్7 అనేది ఆరోగ్య సమాచారాన్ని ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పంపే పద్ధతులు తయారు చేసే సంస్థ, 1987లో మొదలైంది. వాళ్లదే ఎఫ్‌హెచ్‌ఐఆర్, అందరూ ఫైర్ అంటారు. మందు, అలర్జీ, ల్యాబ్ ఫలితం లాంటి ప్రతి విషయానికీ అందులో ఒక నిర్ణీత రూపం ఉంటుంది. ల్యాబ్ పరీక్షల పేర్లకు లోయింక్ కోడ్‌లు, ఇవి 1994 నుంచి ఉన్నాయి. జబ్బులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ, ఇంకా లోతైన క్లినికల్ వివరాలకు స్నోమెడ్ సీటీ. ఎక్స్‌రేలు, స్కాన్‌ల బొమ్మలకు డైకామ్, ఆ పేరుతో 1993లో వచ్చింది. వీటిలో ఒక్కోదాని లోతు మనకు తెలియనక్కర్లేదు. "మేం ఫైర్ సపోర్ట్ చేస్తాం" అన్నప్పుడు మాత్రం అక్కడితో ఆగకండి. రికార్డులో ఏ భాగాలు అలా బయటికి వస్తాయి, అన్నీనా, కొన్నేనా? చదవడానికేనా, బయటి నుంచి లోపలికి రాయడానికీ వీలుందా? మామూలు ధరలోనే ఉందా, విడిగా కొనుక్కోవాలా? ఈ ప్రశ్నలు వేస్తే మాట తీరు మారిపోవడం చూశాను.

ఇలా అడగడం అతి కాదు. అమెరికాలో 2016లో వచ్చిన చట్టం ఆరోగ్య సమాచారాన్ని అకారణంగా అడ్డుకోవడాన్ని నిషేధించింది. అక్కడ సర్టిఫికెట్ ఉన్న సాఫ్ట్‌వేర్లు ఒక పేషెంటు రికార్డునూ, క్లినిక్‌లోని అందరి రికార్డులనూ బయటికి తీసిచ్చే సదుపాయం 2023 చివరికల్లా ఇవ్వాలని గడువు పెట్టారు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా, తన సమాచారాన్ని కంప్యూటర్ చదవగలిగే రూపంలో తీసుకునే హక్కు చాలా సందర్భాల్లో మనిషికి ఇస్తుంది. ప్రభుత్వాలే చట్టాలు చేసి అడుగుతున్నదాన్ని డబ్బు కట్టే మీరు అడగడానికి మొహమాటం ఎందుకు?

చేయించాల్సిన పరీక్ష చాలా చిన్నది. ట్రయల్ అకౌంట్ తీసుకోండి. అందులో ఒక ఊహా పేషెంటును పెట్టండి. నిజమైన పేషెంటు వివరాలు ట్రయల్‌లో పెట్టకండి, దయచేసి. ఆ ఊహా పేషెంటుకు నాలుగైదు జబ్బులు, పది మందులు, ఆపేసిన మందులు రెండు, ఒక అలర్జీ, మూడేళ్ల ల్యాబ్ విలువలు, ఒక ఎక్స్‌రే, స్కాన్ చేసిన ఒక పాత ఉత్తరం పెట్టండి. ఇప్పుడు కంపెనీ వాళ్లను ఈ మనిషి రికార్డు మొత్తం మాకు ఫైలుగా ఇవ్వండి అని అడగండి. వచ్చిన ఫైలును వాళ్లకు సంబంధం లేని, డేటా తెలిసిన ఒకరికి చూపించండి. పెట్టినవన్నీ ఉన్నాయా, ఆపేసిన మందులు ఆపేసినట్టే ఉన్నాయా అని ఆయన లెక్క చూసి చెప్తారు. ఫైలు ఇవ్వడానికే తటపటాయించే కంపెనీ గురించి ఇంక మాట్లాడేదేముంది.

సర్టిఫికెట్ ఉంది కదా, ఎవరో పరీక్షించే ఉంటారు కదా అని మీరు అనవచ్చు. 2017లో అమెరికాలో ఈక్లినికల్‌వర్క్స్ అనే పెద్ద రికార్డు సాఫ్ట్‌వేర్ కంపెనీ 15.5 కోట్ల డాలర్లు కట్టి ఒక కేసు పరిష్కరించుకుంది. అక్కడి న్యాయశాఖ చేసిన ఆరోపణల్లో ఒకటి వినండి. మందుల కోడ్‌లన్నీ పూర్తి డేటాబేస్ నుంచి తెచ్చేలా సాఫ్ట్‌వేర్ తయారు చేయాల్సింది పోయి, సర్టిఫికెట్ పరీక్షలో అడిగే 16 కోడ్‌లను మాత్రం అందులో టైపు చేసి పెట్టారట. పరీక్ష పాసైంది. డేటాను బయటికి తీసుకెళ్లే సదుపాయం కూడా నిబంధనల ప్రకారం లేదన్నది మరో ఆరోపణ. సర్టిఫికెట్ ఉండాలి, లేనిదాని జోలికి పోవద్దు. కానీ మీ పేషెంట్లు వాడే మందులు ఆ పదహారులో ఉంటాయా? మీ సొంత కేసులతో చూసుకుంటే తప్ప తెలియదు.

ఇప్పుడు రోజువారీ పని సంగతి. నా మనసుకు బాగా దగ్గరైన విషయం ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

2016లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. డాక్టర్లు పేషెంటుతో ముఖాముఖి గడిపే ఒక్కో గంటకు దాదాపు రెండు గంటలు కంప్యూటర్ రికార్డు మీదా, టేబుల్ పని మీదా గడుపుతున్నారని తేల్చింది. మీకిది కొత్త విషయం కాదు, రాత్రి ఇంటికెళ్లి నోట్సు పూర్తి చేసేది మీరే. ఆ భారంలో కొంత తప్పదు, కొంత మాత్రం సాఫ్ట్‌వేర్ కట్టిన తీరు వల్ల వస్తుంది. ఆ తేడా డెమోలో కనపడదు, ఎందుకంటే డెమో ఇచ్చే మనిషికి ఏ బటన్ ఎక్కడుందో కంఠతా వచ్చు. కీబోర్డు మీ రిసెప్షనిస్టు చేతికిస్తే కనపడుతుంది.

ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెట్టండి. పేషెంటు ఫోన్ చేసి "నా బీపీ మందు అయిపోయింది, మళ్లీ రాసిస్తారా" అంటారు. మనం చేసే పని ఏమిటి? సరైన మనిషిని వెతకాలి. అదే పేరుతో ఇంకొకరు ఉంటే పుట్టిన తేదీ అడగాలి. ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారో, ఏ మందు ఎంత మోతాదులో ఉందో, కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేశారో చూడాలి. డాక్టరుకు పంపాలి. ఆయన సరేనంటే మందుల షాపుకు వెళ్లాలి. పేషెంటుకు చెప్పాలి. ఇదంతా ఆ సాఫ్ట్‌వేర్‌లో చేసి చూపించమనండి, అదీ లైన్‌లో మనిషి ఉన్నట్టు ఊహించుకుని. ఎన్ని స్క్రీన్‌లు మారాల్సి వచ్చింది? మధ్యలో ఇంకో ఫోన్ వస్తే ఇప్పటిదాకా చేసింది ఉంటుందా, పోతుందా? ఇలాంటి కాల్స్ రోజంతా వస్తూనే ఉంటాయి.

తర్వాత సెలవులో ఉన్న డాక్టరు. ఆయన గురువారం రక్తపరీక్ష రాశారు, శుక్రవారం సెలవు పెట్టారు. శుక్రవారం సాయంత్రం పొటాషియం బాగా ఎక్కువగా ఉందని ఫలితం వచ్చింది. ఆ ఫలితం ఎవరి ఇన్‌బాక్సులో పడుతుంది? సెలవులో ఉన్నాయన ఇన్‌బాక్సులోనే పడి సోమవారం దాకా ఉంటే ఆ పేషెంటు ఏమవుతారు? ఇంకొకరికి దానంతటదే వెళ్లేలా పెట్టుకోవచ్చా? ఎవరూ తెరవని ఫలితాల జాబితా ఒక్కచోట కనపడుతుందా? పంపిన పరీక్షకు ఫలితమే రాకపోతే అది గుర్తు చేస్తుందా? నన్నడిగితే, అందమైన గ్రాఫుల కంటే ఈ ఒక్క జాబితా ఉన్న సాఫ్ట్‌వేర్‌కే ఎక్కువ మార్కులు వేస్తాను.

మా నర్సుల వైపు నుంచి కూడా చూడండి. పేషెంటును లోపలికి పిలిచి బరువు, బీపీ, టెంపరేచర్ రాస్తాం. బరువు కిలోల్లోనే తీసుకుంటుందా, పౌండ్లలోకి మారే వీలుందా? పిల్లల మోతాదు బరువును బట్టే లెక్క కడతారు, యూనిట్ తారుమారైతే మోతాదు రెండింతలు దాటిపోతుంది. షుగరు కొన్ని ల్యాబ్‌ల నుంచి మిల్లీగ్రాముల్లో, కొన్నిటి నుంచి మిల్లీమోల్స్‌లో వస్తుంది, రెండింటి మధ్య తేడా 18 రెట్లు. రెండూ ఒకే గ్రాఫులో కలిసిపోతాయా, యూనిట్ చూసి మారుస్తుందా? మందుల జాబితాలో ఒకేలా వినపడే రెండు పేర్లు పైనా కిందా వస్తే తేడా తెలిసేలా రాసుందా? ఒకరి బీపీ పొరపాటున ఇంకొకరి రికార్డులో ఎక్కితే దాన్ని సరిదిద్దడం ఎలా? చెరిపేస్తే ఆనవాలు లేకుండా పోకూడదు, తప్పుగా ఎక్కిందని గుర్తుతో మిగలాలి, గ్రాఫులోకి మాత్రం రాకూడదు. ఒకే మనిషికి రెండు రికార్డులు తయారైతే వాటిని కలపడం, పొరపాటున కలిపితే మళ్లీ విడదీయడం కూడా చేయించి చూడండి. విడదీయడం దగ్గర చాలా సాఫ్ట్‌వేర్లు నీళ్లు నములుతాయి.

హెచ్చరికల గురించి కూడా చెప్పాలి. మందుల హెచ్చరికలు ఎన్ని ఎక్కువ ఇస్తే అంత భద్రత అని కంపెనీలు చెప్పుకుంటాయి. 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షిస్తే, మందుల భద్రత హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం దాకా డాక్టర్లు పక్కకు నెట్టేస్తున్నారని తేలింది. ప్రతి రెండో మందుకూ పసుపు డబ్బా వస్తుంటే, ఎర్ర డబ్బా వచ్చినప్పుడు కూడా చేయి అలవాటుగా ఓకే నొక్కేస్తుంది. అంతకు ముందే 2005లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేసిన అధ్యయనం, కంప్యూటర్‌లో మందులు రాసే వ్యవస్థే 22 రకాల పొరపాట్లకు వీలు కల్పిస్తోందని చూపించింది. కాబట్టి ఏ హెచ్చరిక ఉంచాలి, ఏది తగ్గించాలి అన్నది మీ చేతిలో ఉంటుందా అని అడగండి. ఆ హెచ్చరికల వెనక ఉన్న మందుల సమాచారం ఎవరిది, ఎన్నాళ్లకోసారి కొత్తది చేస్తారు అని కూడా అడగండి.

హెచ్చరిక ఎవరు రాశారన్నది చిన్న ప్రశ్న కాదు. ప్రాక్టీస్ ఫ్యూజన్ అని డాక్టర్లకు ఉచితంగా ఇచ్చిన ఒక రికార్డు సాఫ్ట్‌వేర్ ఉండేది. ఓపియాయిడ్ అనే, అలవాటుపడే ప్రమాదమున్న నల్లమందు జాతి నొప్పి మందులు అమ్మే ఒక కంపెనీ దగ్గర దాదాపు పది లక్షల డాలర్లు తీసుకుని, ఆ మందుల అమ్మకం పెరిగేలా డాక్టరుకు కనిపించే సూచనను తయారు చేసినట్టు ఆ సంస్థ ఒప్పుకుంది. 2020లో 14.5 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. డాక్టరు గారు స్క్రీను మీద చూసి వైద్య సలహా అనుకున్నది, నిజానికి ఒక అమ్మకందారు రాయించుకున్న మాట. ఇది చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తోందంటే డబ్బు ఇంకెక్కడి నుంచి వస్తోందో అడిగి తెలుసుకోండి. మన పేషెంట్ల సమాచారం, పేర్లు తీసేసి అయినా సరే, ఎవరికైనా అమ్ముతారా అన్నది ఒప్పందంలో వెతకండి.

ఉచితమంటే అన్నీ ఒకటి కాదు లెండి. ఓపెన్‌ఎంఆర్‌ఎస్, ఓపెన్‌ఈఎంఆర్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు, అంటే లోపలి కోడ్ ఎవరైనా చూసి వాడుకోగలిగేవి, ఉన్నాయి. వాటిలో డేటాబేస్ మన చేతిలోనే ఉంటుంది, కాబట్టి బయటికి వచ్చే దారి వెతుక్కోనక్కర్లేదు. అయితే వాటిని పెట్టడానికి, చూసుకోవడానికి తెలిసిన మనిషి ఒకరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. అలాంటివాళ్లు ఉంటే తప్పకుండా పరిశీలించండి.

నోట్సు రాసే తీరు గురించి మీకు నేను చెప్పేదేముంది, అయినా ఒక మాట. లారెన్స్ వీడ్ అనే డాక్టరు 1968లోనే రికార్డు మొత్తం పేషెంటు సమస్యల జాబితా చుట్టూ ఉండాలని వాదించారు. పేషెంటు చెప్పింది, మనం చూసింది, మన అంచనా, చేయబోయేది అనే వరుసలో ఇవాళ మనం రాసే సోప్ నోట్సు ఆయన దగ్గర నుంచి వచ్చిందే. ఒక పేషెంటును తెరవగానే ఆ జాబితా ఎదురుగా కనపడుతోందా, లేక పోయినసారి నోట్సు కాపీ చేసి అతికించిన పేజీల కింద దాన్ని తవ్వుకోవాలా? ఒక్క క్లిక్కుతో పరీక్ష అంతా నార్మల్ అని నింపేసే టెంప్లేట్లు డెమోలో ముచ్చటగా ఉంటాయి. ఆ క్లిక్కు తర్వాత, చూడని కాలి పుండు కూడా నార్మల్ అయిపోతుంది. తర్వాత డ్రెస్సింగ్ చేయాల్సిన మేం ఆ నోట్సు చూసి ఏం నమ్మాలి?

నెట్ పోయిన రోజు కూడా పేషెంట్లు వస్తారు. ఆ రోజు కనీసం ఇవాళ్టి అపాయింట్‌మెంట్లు, వాళ్ల మందులు, అలర్జీలు చూడగలమా అన్నది తేల్చుకోండి. బ్యాకప్ తీస్తున్నామని అందరూ అంటారు. తీసిన బ్యాకప్‌ను ఆఖరిసారి ఎప్పుడు తిరిగి పెట్టి చూశారు, ఎంతసేపు పట్టింది అని అడగండి. 2017 మేలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ దాడి జరిగినప్పుడు బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో వేలకొద్దీ అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. క్లినిక్ చిన్నదైతే దాడి జరగదని ఏమీ లేదు. అలాగే ఎవరి లాగిన్ వాళ్లకు ఉండాలి, ఎవరు ఎవరి రికార్డు తెరిచారో తెలియాలి. లాగిన్‌కు ఇంత అని వసూలు చేసే కంపెనీ అయితే, డబ్బు ఆదా కోసం నర్సులందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే పని మాత్రం చేయకండి.

ఖర్చు లెక్క మీకే బాగా తెలుసు, ఎక్కువ చెప్పను. ల్యాబ్‌తో కలపడానికి, పాత డేటా తేవడానికి, ట్రైనింగ్‌కు, కొత్తగా చేరినవాళ్ల ట్రైనింగ్‌కు, వదిలి వెళ్లడానికి ఎంతెంతో రాయించుకోండి. మొదటి వారాల్లో అపాయింట్‌మెంట్లు తగ్గించుకోక తప్పదు, అదీ ఖర్చే. అది దాటవేసి మొదటి రోజు నుంచే మామూలు ఓపీ పెడితే ఆ టెన్షన్‌లో పొరపాట్లు జరుగుతాయి.

పాత డేటా తెచ్చేటప్పుడు కూడా వచ్చేసింది కదా అని వదిలేయకండి. అలర్జీలు, ఇప్పుడు వాడుతున్న మందులు, జబ్బుల జాబితా, ఈ మూడూ ప్రతి పేషెంటుకూ మొదటిసారి వచ్చినప్పుడు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగి సరిచూసే సమయం మాకివ్వండి. ఒక్కొక్కరికి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి.

చివరగా, ఈ నెలాఖరులోపు సంతకం పెడితే ఇంత తగ్గింపు అని కంపెనీ వాళ్లు మిమ్మల్ని తొందర పెట్టవచ్చు. ఆ తగ్గింపు పోతే పోనివ్వండి. రిసెప్షన్ నుంచి ఒకరిని, నర్సుల్లో ఒకరిని, బిల్లింగ్ నుంచి ఒకరిని ఒక పూట డ్యూటీ నుంచి తప్పించి ట్రయల్ ముందు కూర్చోబెట్టండి. ఏం చేసి చూడాలో మేమే రాసుకుని వస్తాం. మేం పని చేస్తున్నంతసేపూ కంపెనీ మనిషి పక్కనే ఉండవచ్చు, కీబోర్డు మాత్రం ముట్టుకోకూడదు. మేం కుదరదన్నచోట ఎందుకు కుదరదో మీరే వచ్చి చూడండి. రికార్డు ఫైలు చేతికి వచ్చి, అందులో ఆ ఊహా పేషెంటు అలర్జీ అలర్జీగానే ఉందని చూసుకున్నాకే పెన్ను తీయండి.

ఇట్లు,
మీ క్లినిక్కుల్లో పనిచేసే ఒక నర్సు